దొరల మేడకి ఆగ్నేయం మూల

ముందే చెప్పేస్తున్నాను, తరవాత నన్ను అనకండి. ఉన్నది ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. అబద్ధమాడేవాడికి నిజమంటే గిట్టదు. నాకేమో నిజాన్ని చూస్తే జాలి. చిక్కిపోయి, నీరసంగా, ఎండలో బస్సు కోసం నిలబడ్డ మనిషిలా ఉంటుంది. ఇంటికి పిలిచి, నాలుగు ముద్దలు పెట్టి, కాస్త ఒళ్లు చేశాక మీ ముందుకి తీసుకొస్తాను. కాబట్టి ఇక్కడ ఏ అంకె కనిపించినా మూడుతో భాగించుకోండి. మా ఆవిడైతే ఏడుతో భాగిస్తుంది. ఇన్నేళ్ల కాపురం చేసింది కదా, ఆ మాత్రం హక్కు ఆవిడకుంది.

పోయిన నెలలో సింగపూర్లో మా పాసిర్ రిస్ ఫ్లాట్‌లో షెల్టర్ గది సర్దాల్సి వచ్చింది. ఈ ఊళ్లో కాస్త కొత్త ఫ్లాట్లన్నిటిలోనూ బాంబులు పడితే దాక్కోవడానికి ఇనప తలుపుతో ఒక గది కట్టిస్తారు. మా ఇంట్లో ఆ గది నిండా ఆవకాయ జాడీలు, ప్రాణం పోయిన ఫ్యాన్లు రెండు, మా ఆవిడ మూడు రోజులు నడిచి వదిలేసిన ట్రెడ్‌మిల్లు, నేను చదువుతానని కొన్న నాలుగు వందల పుస్తకాలు ఉన్నాయి. బాంబులు పడ్డ రోజున లోపల దాక్కునేది అవే, బయట నిలబడేది మేమే. ఆ గుట్ట అడుగునుంచి మా అమ్మాయి సిరి ఒక పొడవాటి అట్టగొట్టం లాగింది. పాలిటెక్నిక్‌లో ఆర్కిటెక్చర్ చదువుతోంది. అలాంటి గొట్టం కనిపిస్తే మూత తీయకుండా ఊరుకోదు. లోపల చుట్టచుట్టుకుని, పచ్చబడిపోయిన ట్రేసింగ్ కాగితం. హాల్లో నేల మీద పరిచి, నాలుగు మూలలా నాలుగు పప్పు డబ్బాలు బరువు పెట్టింది.

"పా, ఇది ఎవరి హౌస్? సో బిగ్ సియా!"

"మనదే."

"డోంట్ బ్లఫ్ లా."

"నిజంగానే. నా చిన్నప్పుడు మూడు నెలలు ఇందులో కాపురమున్నాం. నేను, మీ తాతయ్య, నాన్నమ్మ."

వంటింట్లోంచి మా ఆవిడ గొంతు వినిపించింది: "ఏడు!"

సిరి కాగితాన్ని ఎత్తి కిటికీ వెలుగుకి పట్టింది. కుడివైపు కింది మూల అరచేయంత మేర కాగితం పల్చబడిపోయి ఉంది. "ఇక్కడ డ్యామేజ్ అయింది, పా" అంది. "పురుగు కొట్టుంటుంది" అని గబగబా చుట్టేశాను. కానీ అప్పటికే జరగాల్సింది జరిగిపోయింది. గొట్టంలోంచి అమోనియా వాసన గుప్పున కొట్టింది. నలభై ఏళ్ల తరవాత అమోనియా మిగిలి ఉండదని సిరి సైన్సు చెప్పింది. సైన్సుకి మా నాన్న చొక్కా సంగతి తెలియదు.

మా నాన్న ట్రేసర్. ఇప్పుడా ఉద్యోగమే లేదు కనక కాస్త చెప్పాలి. ఆర్కిటెక్టు ఆలోచిస్తాడు, డ్రాఫ్ట్స్‌మన్ పెన్సిల్‌తో గీస్తాడు, ట్రేసరు దాని మీద పల్చటి కాగితం పరిచి ఇంకుతో మళ్లీ గీస్తాడు. ట్రేసరు ఆలోచించకూడదు. చేరిన రోజునే ఆ మాట చెప్పి మరీ కుర్చీ చూపించారట. ఆయన గీత ఎంత సన్నమంటే, దాని మీద నడవబోయిన చీమ పక్కకి జారి పడేది. తప్పు పడితే రబ్బరు పనికిరాదు, ఇంకు కదా. షేవింగ్ బ్లేడుని సగానికి విరిచి, కాగితం చిరగకుండా ఇంకుని మాత్రం పొట్టులా గీకి తీయాలి. ఒక సగంతో పొద్దున గడ్డం, రెండో సగంతో పగలంతా తప్పులు. రెండు చోట్లా ఏనాడూ గాటు పడింది లేదు.

ఆఫీసు కింద కొట్టు ఉన్న ఒక పాత షాప్‌హౌస్ మేడ మీద. అందులో నాన్న బల్ల నకళ్లు తీసే యంత్రం పక్కన. ఆ యంత్రం అమోనియా తాగితేనే గాని నకలు కక్కేది కాదు. సాయంత్రం బుకిత్ మేరాలో అప్పుడు మేముండే బ్లాకు కింద నాన్న లిఫ్టెక్కగానే, ఆ వాసన మెట్ల మీదుగా ముందే వచ్చి మా తలుపు తట్టేది. మా అంతస్తులో దోమలు ఇళ్లు ఖాళీ చేసి పై అంతస్తుకి మారిపోయాయి. వాసన వెనక దగ్గు, దగ్గు వెనక నాన్న. అమ్మ ఆ చొక్కాని పట్టకారుతో పట్టుకున్నట్టు రెండు వేళ్లతో పట్టుకెళ్లి విడిగా నానబెట్టి, మిరియాల పాలు చేతికిచ్చి, ఒకే ప్రశ్న అడిగేది.

"ఏవండీ, ఆ కిటికీ పక్క బల్ల ఎప్పుడిస్తారండీ?"

కిటికీ పక్కది డ్రాఫ్ట్స్‌మన్ బల్ల. యంత్రానికి ఈ చివర నాన్న, ఆ చివర కిటికీ. మధ్య దూరం నాన్న లెక్కలో ముప్పై ఎనిమిది అడుగులు. అమ్మ లెక్కలో ఒక జీవితం.

ఒక ఏడాది ఆ డ్రాఫ్ట్స్‌మన్ మానేసి వెళ్లిపోయాడు. ఆ వారంలోనే బిస్కెట్ల ఫ్యాక్టరీ తౌకే, అంటే మన భాషలో పెద్ద సేటు, ఆఫీసు మెట్లెక్కి వచ్చాడు. ఇంగ్లండులో టూరు బస్సులోంచి ఒక పల్లెటూరి దొరల మేడ చూసి మనసు పారేసుకున్నాడట. దాన్ని అక్కడే వదిలి రాలేక, దాని ఫోటోలున్న పుస్తకం కొనుక్కొచ్చాడు. "బుకిత్ తీమా గుట్ట మీద నాకిదే కావాలి" అన్నాడు. ఇంగ్లండులో చదువుకొచ్చిన బాస్‌కి చేతినిండా పని. పుస్తకం మా నాన్న బల్ల మీద పెట్టి, "మూడు నెలల్లో ప్లాన్ గీసి పెట్టు. తౌకేకి నచ్చితే కిటికీ పక్క బల్ల నీది" అన్నాడు. ఆ రోజు నాన్న దగ్గు కంటే ముందు నాన్నే ఇంట్లోకి వచ్చాడు.

పుస్తకంలో ఆ మేడవి రెండే ఫోటోలు. ఒకటి లోపలి పెద్ద హాలుది, రెండోది ముందువైపుది. ముందుదాని కింద "తూర్పు ముఖం" అని అచ్చేసి ఉంది. ఎర్ర ఇటుక గోడలు, తెల్లరాతి అంచులు, రెండు పక్కలా ముందుకి చాచిన రెక్కలు, మధ్యలో వసారా. పైనుంచి చూస్తే ఇంగ్లీషు 'ఈ' అక్షరం బోర్లా పడుకున్నట్టుంటుందని నాన్న చెప్పాడు. రాతి కమ్ముల మధ్య అరచేయంత గాజుపలకలు అతికించిన నిలువెత్తు కిటికీలు. త్రికోణపు శిఖరాలు. పద్నాలుగు పొగగొట్టాలు, ఇది భాగించకండి, భూతద్దంతో లెక్కపెట్టాను. ఎడమవైపు ఎన్ని కిటికీలుంటే కుడివైపూ అన్నే. "వీటిలో ఒకటి దొంగది, పట్టుకో చూద్దాం" అన్నాడు నాన్న ఒక ఆదివారం. నాకు దొరకలేదు. "ఈ అద్దాల్లో ఆకాశం లేదు చూడు. ఇది కిటికీ బొమ్మ. వెనక గది లేదు. అటువైపు దానికి జోడు కావాలి కాబట్టి పెట్టారు." ఆ లేని గది నాది అన్నాను. హాకర్ సెంటర్లో జనం తినే బల్ల మీద టిష్యూ పెట్టి చోటు 'చోప్' చేసుకుంటారు కదా, అలా ఆ కిటికీ మీద నా జేబురుమాలు పెట్టేశాను. ఇప్పటికీ నిద్రపట్టకపోతే ఆ గదిలోకే వెళ్తాను. అక్కడ ఫ్యాను అక్కర్లేదు. ఎప్పుడూ సన్నగా వాన పడుతూ ఉంటుంది.

ఆఫీసులో పగలు మామూలు పని. మేడ పని ఇంట్లోనే. మా రెండు గదుల ఫ్లాట్‌లో అంత కాగితం పట్టే బల్ల లేదు. నాన్న పడగ్గది తలుపు ఊడదీసి, ఒక చివర అమ్మ కుట్టుమిషను మీద, రెండో చివర బియ్యం డబ్బా మీద ఆనించాడు. ఆ మూడు నెలలూ అమ్మ బట్ట కుట్టలేదు. అన్నానికి బియ్యం తీయాలంటే ఇంగ్లండుని ఒక చేత్తో పైకెత్తి పట్టుకోవాల్సి వచ్చేది. చెమట కాగితానికి అంటకుండా నాన్న ముంజేతులకి పౌడరు రాసుకునేవాడు. ఇల్లంతా పౌడరూ, ఇంకూ, అమోనియా, చేపల పులుసూ కలిసిన వాసన. గీసినంత మేర ఎలా వచ్చిందో చూసుకోవడానికి ప్రతి పొద్దునా కాగితాన్ని బట్టల క్లిప్పులతో కిటికీకి వేలాడదీసేవాడు. అప్పుడు జరిగేది చెబితే మీరు నమ్మరు. వెనకనుంచి ఎండ వచ్చి, ఎదుటి బ్లాకు ఆ మేడలోంచి కనిపించేది. వెదురు కర్రలకి ఆరేసిన లుంగీలు పెద్ద హాల్లో రెపరెపలాడేవి. పదో అంతస్తులో పళ్లు తోముకుంటున్న చైనా తాత దొరగారి మెట్ల మీద నిలబడి ఉండేవాడు. మేడ నేల మీద లేదు, గాలిలో ఉంది, మేమందరం అందులో ఉన్నాం. నాకైతే బడి గంట ఆ మేడ గడియారంలోంచే వినిపించేది.

అలా మా ఇంటికి మెల్లిగా పేర్లు మారాయి. మా లిఫ్టు అయిదో అంతస్తులో ఆగి తొమ్మిదికి పోయేది. ఏడో అంతస్తు వాళ్లం మిగతా మెట్లు ఎక్కాల్సిందే. అవి మా రాచమెట్లు. ఇంగ్లండులో వాన మూలంగా బయట తిరగలేక దొరసానులు ఇంటి మేడ మీదే ఈ చివరనుంచి ఆ చివరకి నడవడానికి పొడుగాటి హాలు కట్టించుకునేవారట. మా బ్లాకు వరండా మా పొడుగు హాలు. రాత్రి భోజనమయ్యాక నాన్న చేతులు వెనక్కి కట్టుకుని, చెప్పుల వరసలూ, సైకిళ్లూ, ఎదురింటి మక్‌చిక్ వేలాడదీసిన పిట్టల పంజరాలూ దాటుకుంటూ దర్జాగా పచార్లు చేసేవాడు. మక్‌చిక్ అంటే మలయ్ పెద్దావిడ, ఆవిడ ఒకరోజు అమ్మని ఆపి అడిగింది, "మీ ఆయనకి ప్రమోషనొచ్చిందా, నడక మారింది?" అని. "ఇంకా రాలేదు, నడక ముందొచ్చింది" అంది అమ్మ.

అమ్మ మొదట్లో ఆ కాగితం జోలికి వెళ్లలేదు. తరవాత పులుసు కలుపుతూ ఒక్కో ప్రశ్నా వేయడం మొదలుపెట్టింది.

"పద్నాలుగు పొగగొట్టాలా! రోజుకెన్ని వంటలండీ వాళ్లకి?"

"వంటకి కాదే. గదికొక చలిమంట."

"సింగపూర్లో చలిమంటా? ఆ తౌకేకి ఎవరూ చెప్పలేదూ?"

"పొగగొట్టం లేకపోతే మేడే కాదట."

"సర్లెండి. వంటిల్లేదీ?"

నాన్న తలెత్తాడు. వంటిల్లు ఫోటోలో లేదు. ముందువైపు ఉంది గాని, ఆ గోడల వెనక ఏ గది ఎక్కడుంటుందో పుస్తకం చెప్పలేదు. "ఉత్తరపు రెక్క చివర్న పెడతారంటారు. చల్లగా ఉంటుంది, వాసన హాల్లోకి రాదు. భోజనాల బల్లకి నూట నలభై అడుగులు."

"నూట నలభై అడుగులు మోస్తే పులుసు చల్లారిపోదూ? అయినా వాసన రాకపోతే పిల్లలు అన్నానికెలా వస్తారు? గంట కొట్టి పిలుస్తారా, జైల్లోలాగ?" గరిటె ఆపి, చాలా నెమ్మదిగా అంది: "తూర్పు ముఖం ఇల్లని రాసుందిగా. పొయ్యి ఆగ్నేయంలో ఉండాలండీ. ఎవరి ఇల్లైనా నిప్పు నిప్పే. ఈశాన్యం మూల దేవుడికింత చోటు. మీరా మేడ లోపలంతా చూశారా? చూడలేదు. అక్కడ లేదని ఎవరన్నారు?"

నాన్న ఆ రోజు గీయలేదు. మర్నాడూ గీయలేదు. ట్రేసరు ఆలోచించకూడదు, మా నాన్న రెండు రోజులు ఆలోచించాడు. మూడో రోజు ముంజేతులకి పౌడరు రాసుకుని, దొరల మేడకి ఆగ్నేయం మూల ఒక వంటిల్లు గీశాడు. రెండు కిటికీలు, తూర్పుకి తిరిగి వండే గట్టు, భోజనాల గదికి నేరుగా తలుపు. ఈశాన్యంలో నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు, కిటికీ లేని చిన్న గది గీసి, దాని మీద "స్టోర్" అని రాశాడు. అమ్మ కొంగుకి చెయ్యి తుడుచుకుని వచ్చి, వంగి చూసి, ఆ వంటింట్లోకి వెళ్లినట్టే నవ్వింది. నేనెప్పుడూ చూడనంత పెద్ద వంటింట్లో నిలబడ్డ మనిషి నవ్వు అది.

ప్లాన్ చూపించిన రోజున నేనక్కడ లేను. అక్కడ లేనివాళ్లే బాగా చెప్పగలరు కాబట్టి వినండి. బాస్ కాగితం చూస్తూనే మొహం బిస్కెట్టు విరిగినట్టు పెట్టాడు. "కిచెన్ ఇక్కడెందుకుంది? ఇంగ్లీషు ఇళ్లల్లో ఉత్తరాన కదా!" అదృష్టం ఏమిటంటే, తౌకే తనతో ఫెంగ్‌షుయ్, అంటే చైనా వాస్తు చూసే పెద్దాయనని వెంటబెట్టుకొచ్చాడు. తొంభై ఏళ్లుంటాయి, గడ్డం బొడ్డు దాకా ఉంది. ఆయన పళ్లెమంత దిక్సూచి తీసి కాగితం మీద పెట్టాడు. ముల్లు తిరిగింది. ఫ్యాన్లు ఆగాయి. నకళ్ల యంత్రం ఊపిరి బిగబట్టింది. "ఆగ్నేయం కట్టె దిక్కు. కట్టె పొయ్యిని సాకుతుంది. ఇది గీసినవాడెవడు?" అన్నాడు. తరవాత ఈశాన్యం మూల వేలు పెట్టాడు. "ఇది స్టోర్ కాదు. ఏమిటిది?"

నాన్న బజారు మలయ్ భాషలో నిజం చెప్పేశాడు. "తుహాన్." దేవుడు.

"ఎవరి దేవుడు?" అన్నాడు తౌకే, కుర్చీలో ముందుకి జరిగి.

"సియాపా పున్య రుమా, దియా పున్య తుహాన్." ఎవరి ఇల్లయితే వాళ్ల దేవుడు.

తౌకే బల్ల మీద ఒక్క చరుపు చరిచాడు. కింద వీధిలో రెండు రిక్షాలు ఆగిపోయాయి. ఆ సాయంత్రం నాన్న కిటికీ పక్క బల్ల దగ్గర కూచుని ముప్పై ఎనిమిది అడుగుల అవతలినుంచి ఆ యంత్రాన్ని చూసి, చెయ్యి ఊపాడు.

ఈ కథంతా చెప్పాక సిరి ఊరుకుంటుందా? పోయిన శనివారం నన్ను బుకిత్ తీమా గుట్టకి లాక్కెళ్లింది. మేడ ఉంది. తౌకే మనవలెవరో అద్దెకిస్తే ఇప్పుడు పిల్లల బడి నడుస్తోంది. సెలవు రోజు, తాళాలు చూసే టీచరమ్మ నన్ను చూసి "అంకుల్, మనవడి అడ్మిషనా?" అంది. నాకింకా అంత వయసు లేదని చెప్పేలోగా సిరి తన స్టూడెంట్ కార్డు చూపించి లోపలికి వెళ్లిపోయింది. ఒక్కసారీ మంట ఎరగని చలిమంట గూట్లో చిన్నచిన్న బూట్లు వరసగా పెట్టి ఉన్నాయి. పొగగొట్టాల్లో గోరువంకలు కాపురముంటున్నాయి. పొడుగు హాల్లో పిల్లలు మధ్యాహ్నం నిద్రపోవడానికి పరుపుల గుర్తులు, ఒక్కో గుర్తు పక్కన ఒక్కో జంతువు బొమ్మ. బయటనుంచి చూసి సిరి ఒక్క నిమిషంలో "పా, ఆ విండో ఫేక్" అంది. ఆ విండో వెనక ఎవరుంటారో నేను చెప్పలేదు. నా రుమాలు ఇంకా అక్కడే ఉంది.

ఈశాన్యం గది నిండా చుట్టి పెట్టిన పరుపులు. సిరి ఫోనుతో కొలిచింది. "ఫోర్ బై సిక్స్. విండో లేదు. స్ట్రేంజ్ లా, ఇంత పెద్ద హౌస్‌లో ఇంత చిన్న రూమ్ ఎందుకు?" నేను గుమ్మం దగ్గర చెప్పులు విడిచాను. ఎందుకో తనూ విడిచింది. "ఇప్పుడు కిచెన్ చూద్దాం పా, ఆగ్నేయం" అంది. టీచరమ్మ ఎదురుచూస్తోంది, ఎండ ముదిరింది, ట్రైనుకి టైమైంది అన్నాను. ట్రైను ఈ ఊళ్లో మూడు నిమిషాలకొకటి ఉంటుంది.

మర్నాడు పొద్దున సిరి ఆ కాగితాన్ని మళ్లీ కిటికీకి పట్టుకుని నిలబడింది. తను ఇళ్లు గీసేది లాప్‌టాప్‌లో. రెండు వేళ్లతో మేడని గిర్రున తిప్పుతుంది, గోడని లాగుతుంది. నచ్చకపోతే ఒక మీట నొక్కితే ఆ గోడ పుట్టనే లేదు. ఎన్ని తప్పులు చేసినా కాగితం అరగదు. నా కూతురి చేతికి బ్లేడు అవసరం రానందుకు సంతోషమే. అయినా పల్చబడిన చోటు మీద తను వేలి చివర ఆనించి నిమిరింది, మా నాన్న నిమిరినట్టే.

"పా. ఇది ఇన్సెక్ట్ కాదు. ఎవరో స్క్రాచ్ చేశారు. చాలా కేర్‌ఫుల్‌గా."

వంటింట్లోంచి మా ఆవిడ ఈసారి ఏ అంకే చెప్పలేదు.

సరే. దిక్సూచి పట్టుకుని ఏ పెద్దాయనా రాలేదు. తౌకే బల్ల చరవలేదు. ఆ రోజు తౌకే ఆఫీసుకే రాలేదు. బాస్ కాగితం చూసి, "కిచెన్ ఉత్తరాన ఉండాలి. నిన్ను గీయమన్నాను, ఆలోచించమనలేదు" అన్నాడు, అంతే. కోపంగా కూడా అనలేదట. నాన్న కాగితం ఇంటికి తెచ్చి, తలుపుని మళ్లీ కుట్టుమిషను మీదికి ఎక్కించాడు. ఇది నేను చూశాను. సగం బ్లేడుతో ఆగ్నేయం మూల వంటింటిని గీకుతుంటే, కాగితం ముడతపడకుండా అమ్మ రెండు అంచులూ లాగి పట్టుకుంది. గట్టు, రెండు కిటికీలు, భోజనాల గది తలుపు, ఒక్కొక్కటే పొట్టయిపోయాయి. ఆ పొట్టుని అమ్మ నోటితో మెల్లిగా ఊదేసింది. ఆ తరవాత మా ఇంట్లో అమ్మ నోట దిక్కు పేరు వినలేదు. కిటికీ పక్క బల్లకి వేరే ఆయన వచ్చాడు. నాన్న రిటైరయ్యేదాకా యంత్రం పక్కనే ఉన్నాడు. దగ్గు ఆయనతో చివరిదాకా ఉంది. గీకడం అయ్యాక బ్లేడు తుడిచి పెట్టెలో పెట్టుకుంటూ, అమ్మ మొహం చూసి ఒక్క మాటన్నాడు: "వంటిల్లు పోతే పోయింది. స్టోర్ జోలికి ఎవరూ రాలేదులే."

సిరి చేతుల్లో కాగితం ఇంకా కిటికీకే ఉంది. పొద్దుటి ఎండ మేడంతా పసుపుగా పరుచుకుని, ఆ మూలలోంచి మాత్రం తెల్లగా, తక్కిన కాగితం కంటే ఎక్కువగా దూసుకొచ్చి మా నేల మీద పడింది. సరిగ్గా పొయ్యి ఉండాల్సిన చోటు. దీన్ని మాత్రం దేనితోనూ భాగించకండి.